పౌడరు చల్లితే జిగురు పోదు

సాక్సోఫోన్ మీద జి షార్ప్ కీ పట్టేస్తే పౌడరు చల్లాలన్నది బ్యాండు మేళాల్లోనూ, సంగీతం నేర్పే చోట్లా, వాద్యాలు అమ్మే దుకాణాల్లోనూ ఒకే తీరుగా వినిపించే మాట. కొందరు ముఖానికి రాసుకునే టాల్కం పౌడరే చాలంటారు. కొందరు పౌడరు పూసిన పల్చటి కాగితం కొనుక్కోమంటారు. ఇంకొందరు జేబులోంచి పది రూపాయల నోటు తీసి, రంధ్రాన్ని మూసే ప్యాడ్ కింద పెట్టి, కీ అదిమి పట్టి సర్రున లాగేస్తారు. మందులు వేరైనా వాటి వెనక ఉన్న నమ్మకం ఒక్కటే: అంటుకోవడం ప్యాడ్ తోలుకు పుట్టిన గుణం, దాన్ని పొడిగా చేస్తే కీ దానంతటదే లేస్తుంది.

ఈ నమ్మకం తప్పు. అంటుకునేది తోలు కాదు, తోలు మీదా రంధ్రపు అంచు మీదా పేరుకున్న మురికి. ఆ మురికిని తీసేయాలి. దాని మీద మరో పదార్థం చల్లితే మురికి పెరుగుతుంది, వాద్యం పాడవుతుంది, ఏళ్ల తరబడి పనిచేయవలసిన ప్యాడ్‌ను ముందుగానే మార్చవలసి వస్తుంది. ఇది చిన్న విషయమని తీసిపారేయడానికి లేదు. పెళ్లిళ్ల కాలంలో సంపాదించిన డబ్బుతో ఏడాది గడుపుకునే వాద్యకారుడికి వాద్యమే పొలం, వాద్యమే ఎద్దు. దాన్ని పాడుచేసే సలహాను ఎవరిచ్చినా, ఎంత మంచి మనసుతో ఇచ్చినా, ఖండించవలసిందే.

ప్యాడ్ ఎందుకు పుట్టింది

సన్నాయికీ నాదస్వరానికీ ఈ బాధ లేదు. అక్కడ వేళ్లే మూతలు. వేలి కొన మెత్తన రంధ్రాన్ని ఎంత కావాలంటే అంత మూస్తుంది, ఎంత కావాలంటే అంత తెరుస్తుంది. క్లారినెట్, ఫ్లూట్, సాక్సోఫోన్ లాంటి పాశ్చాత్య వాద్యాల్లో మాత్రం వేలు అందని రంధ్రాలూ, వేలి కన్నా వెడల్పైన రంధ్రాలూ ఉంటాయి. వాటిని మూయడానికి కీలు పెట్టారు. 18వ శతాబ్దం చివరి నాటి క్లారినెట్‌కు ఉన్నవి ఐదారు కీలే. చదునైన ఇత్తడి రేకు కింద చదునైన తోలుముక్క అతికించేవారు. అది గాలిని సరిగ్గా ఆపేది కాదు కాబట్టి కీలు పెంచడానికి తయారీదారులు వెనకాడేవారు.

క్లారినెట్ వాద్యకారుడు ఇవాన్ ముల్లర్ 1812లో పారిస్ కన్సర్వేటరీ నియమించిన సంఘం ముందు 13 కీల క్లారినెట్ పెట్టాడు. లోపల ఉన్ని కూరిన మెత్తటి ప్యాడ్, దాని కింద అంచు తేలిన రంధ్రం, ఈ రెండూ కలిసే అన్ని కీలను సాధ్యం చేశాయి. ఆ సంఘం వాద్యాన్ని ఆమోదించకపోయినా ప్యాడ్ మాత్రం నిలిచిపోయింది. 1846 జూన్ 28న అడాల్ఫ్ సాక్స్ పారిస్‌లో పేటెంటు పొందిన సాక్సోఫోన్‌లోని పెద్ద పెద్ద రంధ్రాలూ, 1847లో థియోబాల్డ్ బోమ్ రూపొందించిన సమగొట్టపు ఫ్లూటూ మెత్తటి ప్యాడ్ లేకపోతే పలికేవే కావు.

నేటి సాక్సోఫోన్‌లో ఇలాంటి ప్యాడ్‌లు ఇరవైకి పైగా ఉంటాయి. అడుగున అట్ట, దాని మీద ఫెల్టు, ఆ రెంటినీ చుట్టి పల్చటి తోలు, పెద్ద ప్యాడ్‌లకు నడుమ లోహపు బిళ్లో ప్లాస్టిక్ బిళ్లో. దీన్ని కీ కప్పులో లక్కతో గాని వేడికి కరిగే జిగురుతో గాని అతికిస్తారు. ఏటికొప్పాక బొమ్మలకు రంగూ నిగారింపూ ఇచ్చే లక్క, ఇక్కడ ప్యాడ్‌ను పట్టి ఉంచే లక్క, రెండూ ఒక జాతివే. ఈ లక్క సంగతి ముందు ముందు అవసరపడుతుంది.

ప్యాడ్ చేయవలసిన పనులు రెండు. మూసినప్పుడు గాలి చొరకుండా మూయాలి, తెరిచినప్పుడు వెంటనే వదిలేయాలి. మొదటి పనికి మెత్తదనం కావాలి, రెండో పనికి శుభ్రత కావాలి. పౌడరు వాదం రెండో పని కోసం మొదటి దాన్ని బలి పెడుతుంది, చివరికి రెండూ దక్కవు.

కీ పట్టేసినప్పుడు ఏం జరుగుతుంది

సాక్సోఫోన్ కీలన్నీ ఒకేలా పట్టెయ్యవు. ఎప్పుడూ తెరిచే ఉండి, వాయించేటప్పుడు మాత్రమే మూసుకునే కీలకు ఈ జబ్బు తక్కువ. జి షార్ప్, కింది ఇ ఫ్లాట్, కింది సి షార్ప్ లాంటివి వాయించనప్పుడు మూసుకునే ఉంటాయి. రాత్రంతా పెట్టెలో స్ప్రింగు బిగువున రంధ్రపు అంచుకు అదుముకుని ఉంటాయి. తడిసిన ప్యాడ్ అలా అదుముకునే ఆరిపోతుంది.

వీటిలో జి షార్ప్‌ది మరీ కష్టం. దానికి స్ప్రింగులు రెండు. వేలు నొక్కే మీటకు ఉన్న బలమైన స్ప్రింగు కప్పును మూసి పెడుతుంది. కప్పుకు ఉన్న సన్నటి స్ప్రింగు దాన్ని తెరవాలని చూస్తుంది. ఎడమ చిటికెన వేలితో మీట నొక్కితే ఆ బలమైన స్ప్రింగు పక్కకు తప్పుకుంటుంది, అంతే. కప్పును లేపేది వేలు కాదు, ఆ సన్నటి స్ప్రింగు. అందుకే కాస్తంత జిగురు ఉన్నా కప్పు లేవదు. ఇ ఫ్లాట్ కీని మాత్రం వేలే నేరుగా లేపుతుంది. అది పట్టేసినా వేలి బలానికి టప్పున ఊడి వస్తుంది, అయితే ఆలస్యంగా వస్తుంది, చప్పుడు చేస్తూ వస్తుంది.

దీని ఫలితం కర్ణాటక సంగీతం తెలిసిన చెవికి వెంటనే దొరుకుతుంది. జి స్వరాన్ని షడ్జంగా పెట్టుకుని మాయామాళవగౌళలో సరళీ వరస వాయించే పిల్లవాణ్ణి ఊహించుకుంటే చాలు. శుద్ధ రిషభం జి షార్ప్ మీద పడుతుంది, శుద్ధ ధైవతం ఇ ఫ్లాట్ మీద పడుతుంది. కీ పట్టేసి ఉంటే చిటికెన వేలు సరైన చోటే నొక్కినా రిషభం రాదు, షడ్జమే మళ్లీ మోగుతుంది. సరిగమ అనవలసిన వాద్యం ససగమ అంటుంది. ధైవతం దగ్గర పంచమం ఒక క్షణం వేలాడి అప్పుడు ధైవతం ఊడిపడుతుంది. తప్పు పిల్లవాడిదని విన్నవాళ్లు అనుకుంటారు. పిల్లవాడూ అలాగే అనుకుంటాడు. ఆలాపనలో గమకం కోసం కీలను సగం తెరుస్తూ మూస్తూ నడిపే కళాకారుడికి ఈ క్షణం ఆలస్యం ఇంకా పెద్ద నష్టం. కద్రి గోపాల్‌నాథ్ (1949–2019) సాక్సోఫోన్‌ను కచేరీ వేదిక మీద కర్ణాటక వాద్యంగా నిలబెట్టాక, ఈ సున్నితపు పనిని దానినుంచి ఆశించడం శ్రోతలకు మామూలైపోయింది. కీ మాట వినకపోతే ఆ పని సాగదు.

అంటుకునేది ఏది

ఊపిరి ఒంటి వెచ్చదనంతో, నిండా ఆవిరితో వాద్యంలోకి వెళుతుంది. చల్లని లోహం తగలగానే ఆవిరి నీరై గొట్టం గోడల మీదుగా కిందికి జారుతుంది. దానితో లాలాజలం కలుస్తుంది. లాలాజలంలో నూటికి 99 వంతులు నీరే. మిగిలిన ఒక్క వంతులో లవణాలూ, మ్యూసిన్ అనే జిగట ప్రోటీనూ, ఇంకా కొన్ని పదార్థాలూ ఉంటాయి. నీరు ఆరిపోతుంది, ఆ ఒక్క వంతు తోలు మీద నిలిచిపోతుంది. రోజుకొక పొర చొప్పున పేరుకుంటుంది.

దీనికి పంచదార తోడైతే చెప్పనక్కర్లేదు. ఊరేగింపు నడుమ బ్యాండు వాళ్లకు ఇచ్చేది టీ, లేదా కూల్‌డ్రింకు. మామూలు కూల్‌డ్రింకులో 100 మిల్లీలీటర్లకు సుమారు 10 గ్రాముల పంచదార ఉంటుంది. సీసా కింద పెట్టి వెంటనే మౌత్‌పీస్ నోట్లో పెట్టుకుంటే ఆ పంచదారలో కొంత వాద్యంలోకి వెళుతుంది. తీపి కిళ్లీ నమిలి వాయిస్తే పాకంతో పాటు వక్కపొడి కూడా వెళుతుంది. పంచదారకూ బెల్లానికీ గాలిలోని తేమను లాక్కునే గుణం ఉంది. వానాకాలంలో డబ్బాలోని బెల్లం చెమర్చడం ప్రతి ఇంట్లోనూ చూసేదే. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రతీరపు ఊళ్లలో ప్యాడ్ మీది పంచదార పొర అలాగే చెమరుస్తుంది. నిన్న ఆరిపోయి బాగానే లేచిన కీ ఇవాళ ఉక్కపోతలో మళ్లీ పట్టేయడానికి కారణం ఇదే. తోలు రాత్రికి రాత్రి మారలేదు, మీది పాకం తడిసింది.

రెండో రకం మురికి నూనె. కీలు తిరిగే ఇరుసుల్లో వేసిన నూనె ఎక్కువైతే జారి ప్యాడ్ అంచుకు చేరుతుంది, దుమ్మును పట్టి ఉంచుతుంది. మూడోది రంధ్రపు ఇత్తడి అంచు మీద పట్టే పచ్చటి చిలుము. చిలుము గరుకుగా ఉండి తోలును పట్టుకుంటుంది, కోస్తుంది కూడా. జబ్బు ఈ మూడింటిలో ఏదో ఒకటి, లేదా మూడూ కలిసి. మందు వేసే ముందు జబ్బేదో చూడాలన్న మామూలు తెలివిని పౌడరు వాదం పక్కన పెట్టేసింది.

పౌడరు వాదం నిలవదు

పౌడరు పక్షాన చెప్పే మొదటి మాట, అది వెంటనే పనిచేస్తుందని. నిజమే, పనిచేస్తుంది. సన్నటి పలుకులు తోలుకూ అంచుకూ మధ్య అడ్డుపడి కొద్దిసేపు వాటిని తాకనివ్వవు. ఆ కొద్దిసేపు గడిచాక మళ్లీ ఆవిరి వస్తుంది, మళ్లీ లాలాజలం వస్తుంది. పౌడరు ఆ పాకంలో కలిసిపోతుంది. బెల్లం పాకంలో పిండి పోస్తే అరిసెల చలిమిడి అవుతుంది గాని పాకం ఎక్కడికీ పోదు. ప్యాడ్ మీద జరిగేదీ అదే. అచ్చు పడిన గాడిలో, అంటే రంధ్రపు అంచు తోలు మీద వేసిన గుండ్రటి ముద్రలో, ఆ చలిమిడి పేరుకుని గట్టిపడుతుంది. గాడి ఎత్తుపల్లాలైతే ప్యాడ్ అంచు చుట్టూ సమంగా ఆనదు. గాలి కారుతుంది, కింది స్వరాలు పలకడానికి మొరాయిస్తాయి. అంటుకునే కీని బాగుచేయబోయి కారే కీని తెచ్చుకోవడమే ఇది.

రెండో మాట, పౌడరు తేమను పీల్చుకుంటుందని. టాల్క్ అంటే మెత్తగా నూరిన బలపపు రాయి. పలకల మీద బలపంతో రాసిన తరానికి దాని నునుపు తెలుసు. ఆ నునుపు నీటిని దగ్గరికి రానివ్వదు. టాల్క్ రేణువు తేమను తాగదు, జారుడుతనం మాత్రమే ఇస్తుంది. కొన్ని పౌడర్లలో టాల్క్ బదులు మొక్కజొన్న పిండి ఉంటుంది. అది తేమను తాగుతుంది, తాగి గంజి అవుతుంది. ఇస్త్రీ బట్టలకు పెట్టే గంజి దేనికి పనికొస్తుందో అందరికీ తెలుసు. పట్టేయకూడని కీకి గంజి పెట్టడం ఏ లెక్కకూ అందదు.

మూడో మాట, టాల్క్ ఖనిజాలన్నిటిలోకీ మెత్తనిది కాబట్టి దానివల్ల వాద్యానికి హాని లేదని. మెత్తదనం సంగతి నిజం. కాఠిన్యపు కొలతలో టాల్క్‌ది 1, అట్టడుగు స్థానం. అది ఇత్తడిని గీకదు. అయితే హాని గీకడం వల్ల మాత్రమే రాదు. చల్లిన పౌడరు ప్యాడ్ దగ్గరే ఆగదు. ఇరుసుల సందుల్లోకి జారి నూనెతో కలిసి ముద్దవుతుంది. ఇరుసుకూ దాని చుట్టూ తిరిగే సన్నటి గొట్టానికీ మధ్య ఉండే సందు వెంట్రుక మందం కూడా ఉండదు. అక్కడ ముద్ద చేరితే కీ బరువెక్కి నెమ్మదిగా లేస్తుంది. వాద్యకారుడు దాన్ని చూసి కీ మళ్లీ పట్టేసిందనుకుంటాడు, ఇంకాస్త పౌడరు చల్లుతాడు. ముద్ద ఇంకాస్త పెరుగుతుంది. ఈ గానుగ చుట్టు తిరుగుడుకు అంతం లేదు.

నాలుగో మాట, పౌడరు కాగితాన్ని పేరున్న వాద్య తయారీ సంస్థలే అమ్ముతున్నాయని. ఈ వాదానికి బలం ఉంది, దీనికి సూటిగా జవాబు చెప్పాలి. పౌడరు కాగితం మీద ఉండేది చాలా పల్చటి పూత. శుభ్రమైన ప్యాడ్ కచేరీ నడుమ తేమకు ఇబ్బంది పెడితే ఆ పూట గట్టెక్కడానికి అది సాయపడుతుంది. కాని అవే సంస్థలు పౌడరు లేని, తేమను పీల్చే కాగితాన్ని కూడా అమ్ముతాయి. రోజూ వాడవలసింది ఆ రెండోదే. నొప్పి మాత్ర మందుల దుకాణంలో దొరుకుతుంది కాబట్టి దెబ్బను కడగనక్కర్లేదని ఎవరూ అనరు. వేదిక మీద పూట గడిపే సాధనాన్ని ఇంటి దగ్గర వైద్యంగా మార్చడమే ఇక్కడి తప్పు.

చివరి మాట, పెద్దవాళ్లు ఎన్నో ఏళ్లుగా ఇలాగే చేస్తున్నారని. అనుభవాన్ని కాదనడానికి లేదు. కాని ఆ అనుభవం చూసింది పౌడరు చల్లిన నిమిషాన్ని. ఆరు నెలల తరవాత ప్యాడ్ ఎండి బీటలు వారినప్పుడు, ఆ బీటను పౌడరుతో కలిపి చూసినవారు తక్కువ. ఫలితం వెంటనే కనిపించి, నష్టం ఆలస్యంగా కనిపించే ప్రతి చిట్కా ఇలాగే బతుకుతుంది.

నోటు, స్పిరిటు, కిరోసిన్

నోటు లాగడంలో పౌడరు కన్నా ఎక్కువ ప్రమాదం ఉంది. భారత కరెన్సీ కాగితం పత్తితో చేసింది. గట్టిగా, కాస్త గరుకుగా ఉంటుంది, అందుకే అది మురికిని తుడుస్తుందని వాడతారు. అదే నోటు చేతులు మారి మారి చెమటనూ జిడ్డునూ దుమ్మునూ మోసుకొస్తుంది. బిగించిన ప్యాడ్ కింద దాన్ని లాగితే తోలు పై పొర గీసుకుపోతుంది. క్లారినెట్, ఫ్లూట్ ప్యాడ్‌లకైతే అసలు చేయకూడదు. వాటి మీది పొర సాధారణంగా తోలు కాదు. ‘చేప చర్మం’ అన్న పేరు వాడుకలో ఉన్నా అది పశువుల పేగు నుంచి తీసిన పల్చటి పొర. ఉల్లిపొర లాంటి ఆ పొర ఒక్క లాగుడుకు చిరుగుతుంది. చిరిగిన ప్యాడ్‌ను అతికించడం కుదరదు.

ద్రవాల విషయంలో గందరగోళం ఇంకా ఎక్కువ. కొందరు స్పిరిటు, కొందరు పెట్రోలు, కొందరు కిరోసిన్, ఇంకొందరు గోళ్ల రంగు చెరిపే ద్రవం వాడమంటారు. ఏ మురికికి ఏ ద్రవమో తెలియాలంటే వంటింట్లోకి చూస్తే చాలు. పాకం గిన్నెను నీళ్లు కరిగిస్తాయి, నూనె కరిగించదు. జిడ్డు మూకుడును వట్టి నీళ్లు వదిలించలేవు. ప్యాడ్ మీదా ఇదే న్యాయం. పంచదారనూ లాలాజలపు పొరనూ నీరు కరిగిస్తుంది. నూనె జిడ్డును సిగరెట్ లైటర్లలో పోసే నాఫ్తా ద్రవం కరిగిస్తుంది. పంచదార పట్టిన ప్యాడ్‌ను ఎంత లైటర్ ద్రవంతో తుడిచినా పంచదార కదలదు. నూనె పట్టిన ప్యాడ్‌ను ఎంత నీటితో తుడిచినా నూనె కదలదు. “మేం అదీ చేశాం, పనిచేయలేదు” అని చాలామంది చెప్పడానికి కారణం జబ్బొకటి, మందొకటి కావడమే.

స్పిరిటు దగ్గర లక్క సంగతి గుర్తుకు రావాలి. లక్క స్పిరిటులో కరుగుతుంది. లక్క పాలిష్ చేసే వడ్రంగులు రోజూ వాడుకునే గుణమిది. ప్యాడ్‌ను స్పిరిటుతో తడిపితే అది లోపలికి ఊరి, కప్పులో ప్యాడ్‌ను పట్టి ఉంచిన లక్కను మెత్తబరుస్తుంది. ప్యాడ్ ఒక పక్కకు ఒరిగితే గాలి కారుతుంది. పైగా స్పిరిటు తోలులోని జిడ్డును లాగేసి దాన్ని గట్టిబరుస్తుంది. కిరోసిన్ ఆరాక కూడా జిడ్డు పొరను వదులుతుంది. బంకులో కొన్న పెట్రోలులో కలిపిన పదార్థాలు తోలు మీద మిగిలిపోతాయి, దాని ఆవిరి ఒంటికీ మంచిది కాదు. గోళ్ల రంగు చెరిపే ద్రవం ఇత్తడి మీది లక్కరు పూతనే లేపేస్తుంది.

తోలుకు నీరు తగలకూడదని వాదించేవారు ఒక విషయం మరిచిపోతున్నారు. వాయించే ప్రతి రోజూ ఆ తోలుకు నీరు తగులుతూనే ఉంది. తోలును చెడగొట్టేది నానబెట్టడం, నానినదాన్ని అలాగే మూసి ఉంచడం. పిండేసిన తడి దూదితో తుడిచి వెంటనే ఆరబెడితే తోలుకు ఏమీ కాదు. ఆ భయంతో మురికిని వదిలేయడమే తోలును చెడగొడుతుంది.

స్ప్రింగు బిగించడం, ప్యాడ్ మార్చడం

పౌడరును నమ్మని కొందరు మరమ్మతుదారులు స్ప్రింగు మీద పడతారు. జి షార్ప్ కప్పు స్ప్రింగును వంచి బిగిస్తే జిగురును తెంచుకుని లేస్తుందన్నది వారి లెక్క. లేస్తుంది కూడా. కాని కప్పును మూసి ఉంచే బలం ఎంతంటే, మీట స్ప్రింగు బలంలోంచి కప్పు స్ప్రింగు బలాన్ని తీసేస్తే మిగిలినంత. తెరిచే స్ప్రింగును బిగించిన కొద్దీ మూసే బలం తగ్గుతుంది. గట్టిగా ఊదినప్పుడు కప్పు సన్నగా వణికి గాలి వదులుతుంది. దాన్ని ఆపడానికి మీట స్ప్రింగునూ బిగిస్తే చిటికెన వేలు అలిసిపోతుంది. మురికి చేసిన తప్పుకు స్ప్రింగును శిక్షించడం తగదు. స్ప్రింగు నిజంగానే సడలిపోయి ఉండవచ్చు. ఆ సంగతి ప్యాడ్‌నూ అంచునూ శుభ్రం చేశాకే తేలుతుంది, అంతకు ముందు తేలదు.

ప్యాడ్ మార్చేయమనే సలహా దుకాణం నుంచి వస్తుంది. కొత్త ప్యాడ్ అంటుకోదు, కాబట్టి పాత ప్యాడ్‌దే తప్పన్నది దాని తర్కం. కొత్త ప్యాడ్ అంటుకోనిది దాని మీద ఇంకా మురికి లేకపోవడం వల్ల. రంధ్రపు అంచు మీది పాకాన్నీ చిలుమునూ అలాగే ఉంచి కొత్త ప్యాడ్ వేస్తే అదీ కొన్నాళ్లకు పట్టేస్తుంది. చెడిపోని ప్యాడ్‌ను మార్చడం డబ్బు దండగ. పైగా చేయి తిరగనివారు మారిస్తే ప్యాడ్ సమంగా కూర్చోదు, కొత్త బాధ మొదలవుతుంది. మార్చవలసిన గుర్తులు స్పష్టంగా ఉంటాయి: తోలు చిరగడం, బీటలు వారడం, చెక్కలా గట్టిపడడం, గాడి మరీ లోతుగా దిగిపోవడం, ఫెల్టు నాని ఉబ్బడం. ఇవేవీ లేకుండా అంటుకోవడం ఒక్కటే ఉంటే ఆ ప్యాడ్‌కు కావలసింది స్నానం.

చేయవలసిన పద్ధతి

పని ఆరబెట్టడంతో మొదలవుతుంది. జిగురు లేని, తేమను పీల్చే పల్చటి కాగితాన్ని ప్యాడ్‌కూ రంధ్రానికీ మధ్య పెట్టాలి. కీని మెల్లగా అదిమి రెండు మూడు క్షణాలు ఉంచి వదలాలి. కప్పు పూర్తిగా తెరుచుకున్నాకే కాగితం బయటికి తీయాలి. లాగకూడదు. కాగితం మీద తడి ముద్ర పడుతుంది. కాగితాన్ని జరిపి కొత్త చోటుతో, ముద్ర పడనంత వరకూ మళ్లీ చేయాలి. సిగరెట్ చుట్టే కాగితం వాడితే దాని జిగురు అంచును ముందే కత్తిరించి పారేయాలి. లేకపోతే తీయడానికి వచ్చిన కాగితమే జిగురును అంటించి పోతుంది.

తరవాత ఆ ముద్ర రంగు చూడాలి. గోధుమ రంగు గుండ్రటి గీత పడితే పంచదార, లాలాజలం. కాగితం ఆ చోట అద్దంలా మెరిసి, వెలుగుకు పట్టి చూస్తే పారదర్శకంగా కనిపిస్తే నూనె. పచ్చటి మరక పడితే చిలుము. మందు ఏదో ఇక్కడే తేలిపోతుంది.

పంచదార అయితే, దూది చుట్టిన పుల్లను శుభ్రమైన మంచినీటిలో ముంచి, వేళ్లతో గట్టిగా పిండి, తోలు మీది గాడి వెంట గుండ్రంగా తిప్పాలి. దూది గోధుమ రంగుకు మారుతుంది. కొత్త దూదితో మళ్లీ తిప్పాలి. దూది తెల్లగా వచ్చేదాకా ఈ పని చేయాలి. సాధారణంగా మూడు నాలుగు పుల్లలు పడతాయి. ఆ వెంటనే రంధ్రపు అంచును కూడా అలాగే తుడవాలి. తొంభై పాళ్లు నిర్లక్ష్యం జరిగేది ఈ అంచు దగ్గరే. ప్యాడ్ మాత్రం తుడిచి అంచును వదిలేస్తే మురికి అటునుంచి ఇటు మళ్లీ వచ్చేస్తుంది. తరవాత పొడి కాగితంతో తేమ తీసి, కీని తెరిచి ఉంచి గాలికి ఆరనివ్వాలి.

నూనె అయితే, లైటర్ ద్రవాన్ని దూదికి రెండు మూడు చుక్కలు మాత్రం అంటించి అదే తీరుగా తుడవాలి. అది త్వరగా ఆరిపోతుంది, లక్కను కరిగించదు. అయితే అది అగ్గికి ఇట్టే అంటుకుంటుంది. దీపం, పొయ్యి, బీడీ, టపాకాయలు దగ్గర్లో ఉంటే ఆ సీసా మూత తీయకూడదు. ఊరేగింపు చోట ఈ పని అసలు పెట్టుకోకూడదు. చిలుము అయితే పొడి గుడ్డతో అంచును రుద్ది, మిగిలినదాన్ని తడి దూదితో తీసి ఆరబెట్టాలి. గరుకు కాగితం వాడితే అంచు వంకర పోతుంది.

క్లారినెట్, ఫ్లూట్‌ల పేగుపొర ప్యాడ్‌లకు ఇంతకన్నా తేలిక చేయి కావాలి. దూదిని ఆనించి ఎత్తాలే గాని రుద్దకూడదు. చెక్క క్లారినెట్‌లో రంధ్రపు అంచును నీటితో నింపకూడదు. నీరు చేరే రంధ్రాలను కాగితంతో అద్ది ఆరబెడితే చాలావరకు సరిపోతుంది.

ఇన్ని చేసినా కీ లేవకపోతే అప్పుడు ఇరుసు చూడాలి. ప్యాడ్‌కూ అంచుకూ మధ్య పల్చటి కాగితం ముక్క పెట్టి కీ నొక్కితే, కప్పు తేలిగ్గా లేస్తే జిగురు ఇంకా మిగిలే ఉంది. కాగితం ఉన్నా నెమ్మదిగా లేస్తే లోపం ఇరుసులోనో స్ప్రింగులోనో ఉంది. అది చేయి తిరిగిన మరమ్మతుదారు చూడవలసిన పని.

జిగురు చేరకుండా

తీయడం కన్నా చేరనివ్వకపోవడం తేలిక. వాయించే ముందు నోరు మంచినీటితో పుక్కిలించాలి. నడుమ దాహమైతే మంచినీళ్లే తాగాలి. టీ, కూల్‌డ్రింకు, కిళ్లీ తప్పకపోతే ఆ తరవాత మళ్లీ పుక్కిలించాలి. వాయించడం అయ్యాక గుడ్డను గొట్టంలోంచి లాగి తడి తీయాలి. ఆ తడి గుడ్డను వాద్యంతో పాటు పెట్టెలో మూయకూడదు, మూస్తే రాత్రంతా పెట్టెలో ఆవిరి స్నానమే. ఎప్పుడూ మూసి ఉండే మూడు నాలుగు కీల కింద పీల్చే కాగితం అద్ది తీయాలి. ఈ పనంతటికీ ఐదు నిమిషాలు చాలు.

మేళం యజమానులు, నేర్పే గురువులు ఈ ఐదు నిమిషాలను పాఠంలో భాగం చేయాలి. సన్నాయి వాయించేవాడు తన వాద్యాన్ని ఎలా చూసుకోవాలో ఇంట్లో పెద్దవాళ్లను చూసి నేర్చుకున్నాడు. కీలున్న వాద్యాలు బయటినుంచి వచ్చాయి. వాటిని చూసుకునే విద్య వాటితో పాటు పూర్తిగా రాలేదు. ఆ ఖాళీలోకి పౌడరు డబ్బా వచ్చి కూర్చుంది. ఇకనైనా దాన్ని వాద్యం పెట్టెలోంచి తీసేసి, ఆ చోట కాస్త దూది, కాసిని పీల్చే కాగితాలు, ఒక చిన్న నీళ్ల సీసా పెట్టాలి.